ఎడం చెంప మీద మచ్చ

“ఈ కాగితంలో కుడి చెంప అనుందండి.”

“ఉంటే?”

“మీ పుట్టుమచ్చ ఎడం చెంప మీదుంది కదా!”

“ఓడ ఊగినప్పుడు అటునించి ఇటు జరిగిందేమో. నీకెందుకే, ముందా పెట్టె మూసెయ్.”

“మూయనండి. ఈ మచ్చ ఎవరిదో చెప్పందే మూయను.”

ఆ రోజుల్లో మొగుడి పెట్టె సర్దడమంటే నాకు పెద్ద అధికారం చేతికొచ్చినట్టుండేది. కాపరానికొచ్చి ఏడాది కాలేదు. నేవీ నుంచి సెలవు మీద వచ్చిన ఆయనకి మర్నాడే తిరుగు ప్రయాణం. పెట్టె అడుగున ఆయన నేవీలో చేరినప్పటి కాగితం దొరికింది. (పొయ్యి రాజెయ్యడానికి పనికొస్తుందని తీశాను, అబద్ధమెందుకు.) నేను చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషులో రైటూ లెఫ్టూ మాత్రం డ్రిల్లు మాస్టారి బెత్తం పుణ్యమా అని బాగా వచ్చు. రైటు పక్కనున్న మాటలేంటండీ అంటే, నిద్రమత్తులో “చెంప, పుట్టుమచ్చ” అని ఆయనే చదివి పెట్టారు.

చివరికి నిజం కక్కారు. చేరడానికి ఆయనకి ఏడాది వయసు తక్కువైందట. సముద్రమంటే హడలిపోయే మా బావగారి సర్టిఫికెట్టు పట్టుకెళ్లి, అన్నగారి పేరుతోనే చేరిపోయారట. బావగారి కుడి చెంప మీద మచ్చుందని అందులో రాసుంది, మరి అదీ ఉండాలి కదా! అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చున్నారు. బట్టల మీద గుర్తులు పెట్టే నల్లజీడి రసం సూదితో గుచ్చి, బావగారు తన మచ్చకి సరిగ్గా ఎదురుగా వచ్చిన చెంప మీద పెట్టేశారు. అది కాస్తా ఎడం చెంప అయింది.

సముద్రం చివరున్న ఓడని దుర్భిణీలో పట్టేవాళ్లు, ఎదురుగా ఉన్న చెంపని ఏడేళ్లు చూడలేదా! (నేను మాత్రం తక్కువా? ఉత్తరాల మీద బావగారి పేరెందుకు రాయాలండీ అంటే, “నేవీలో ఇంటికి పెద్దవాడి పేరే వాడతారు” అన్నారు, నమ్మేశాను.) అంతకన్నా అబ్బురం, ఈ మనిషి అన్నేళ్లూ, జ్వరంలో కూడా, ఇంకొకరి పేరుకే పలకడం.

“ఆఫీసరుకి చెప్పెయ్యండి.”

“ఉద్యోగం పోతుందే. అన్నయ్యనీ నన్నూ కలిపి లోపలేస్తారు.”

“పోతే కొబ్బరితోటల్లో కూలికెళ్దాం. నా కడుపులో ఉన్నవాడికి తండ్రి పేరు ఎవరిది రాస్తారండి? బావగారిదా?”

(పంతొమ్మిదేళ్ల పిల్లకి అంత మొండితనం ఎక్కణ్ణించి వచ్చిందో! ఇప్పుడైతే అంత గట్టిగా అనగలనో లేదో.)

మర్నాడు పొద్దున్నే ఆయన జరిగిందంతా ఆఫీసరు పేర కాగితం మీద పెట్టారు. సంతకం దగ్గర చెయ్యి అలవాటుకొద్దీ అన్నగారి పేరే రాసేసింది. ఇంకో కాగితం నేనివ్వలేదు. అది కొట్టేసి, దాని కిందే తన పేరు రాసుకుని, జేబులో పెట్టుకుని పాలకొల్లులో రైలెక్కారు.