నిద్రలో పోయిన పాట

అరవై కుర్చీలు పట్టే గదిలో రెండు వందల మంది కూర్చుని పాటలు విన్నారంటే నమ్ముతారా? నమ్మక తప్పదు. టైపు స్కూలు మేడ మీద ‘నాలుగు కుర్చీలు’ వాళ్లు పాడిన ఆ ఆదివారం సాయంత్రం గురించి ఎవరిని కదిపినా "నేనూ ఉన్నానుగా!" అనేవాళ్లే. అప్పటికింకా పుట్టనివాళ్లు కూడా ఒకరిద్దరు ఉన్నామంటున్నారని వినికిడి. ఇంతమంది లేకుండానే ఉన్నామంటుంటే, నిజంగా ఉండి కూడా ఏమీ వినని మనిషి మాత్రం ఒక్కడే. ఆయనే బైండింగు బాబాయి.

బాబాయిది పుస్తకాలకి అట్టలు కట్టే పని. కాలేజీ వెనక సందులో, మెట్ల కింద ఒకటిన్నర గది. "గది నాది, సగం మీ పిన్నిది" అని ఆయన వచ్చినవాళ్లతో అనేవాడు. "గదంతా నాదే, ఆ జిగురు డబ్బాకి సగం అద్దెకిచ్చాను" అని పిన్ని లోపలినుంచే అందుకునేది. ఆవిడ పీట మీద కూర్చుని దబ్బనంతో ఫారాలు, అంటే మడిచిన కాగితాల కట్టలు, కుట్టేది. ఆయన కుట్టిన పుస్తకం వీపుకి జిగురు రాసి, అట్ట వేసి, బరువు కింద పెట్టేవాడు. ముప్పై ఏళ్లు ఆ ఇద్దరి మధ్యా ఒక బల్ల వెడల్పే దూరం.

పిన్నికి పెళ్లికి ముందునుంచే నాలుగు కుర్చీల వాళ్ల పాటలంటే పిచ్చి. ఆ నలుగురూ గెంతరు, ఊగరు. నాలుగు చెక్క కుర్చీలు వేసుకుని, ఇంటికొచ్చిన చుట్టాల్లా కూర్చుని పాడతారు. అందుకే ఆ పేరు. వాళ్లు ఊళ్లోకి వస్తున్నారని తెలిసి ఆవిడ పదిరోజుల ముందే రెండు టికెట్లు కొని, భర్తని ఆశ్చర్యపరుద్దామని జిగురు డబ్బా మూత లోపల దాచింది. ఆయన మూత తీసేసరికి టికెట్లు దానికి అతుక్కుపోయి ఉన్నాయి. చాకుతో గీకి తీయాల్సొచ్చింది. పెళ్లయి అప్పటికి నాలుగో నెల. ఇద్దరూ కలిసి సరదాగా ఎక్కడికైనా వెళ్లడం అదే మొదలు.

సరిగ్గా ఆ వారమే కాలేజీ పిల్లలు పరీక్షకి ఇవ్వాల్సిన పరిశోధన కాగితాలు తెచ్చి కుప్ప పోశారు. ఏడాదంతా తాము నిద్రపోయి, చివరి రెండు రోజులూ బైండింగువాడి నిద్ర చెడగొట్టడం వాళ్లకి అలవాటు. బాబాయి రెండు రోజులు కన్ను మూయకుండా నల్ల రెక్సిన్ మీద బంగారు అక్షరాలు అచ్చు వేసి, వేళ్ల మీద జిగురు ఆరకముందే చొక్కా మార్చుకుని పెళ్లాం వెంట నడిచాడు. టైపు మిషన్లన్నీ గోడవారగా జరిపి కుర్చీలు వేశారు. వీళ్లకి చివరి వరసలో గోడ పక్కన చోటు దొరికింది. మొదటి పాట రెండో చరణానికి వచ్చిందో లేదో, బాబాయి తల పక్కనున్న టైపు మిషను మీద వాలింది. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అని ఊరికే అనలేదు.

కచేరీ ముగిసిన చప్పట్లకి మెలకువ వచ్చింది. లేచి నిలబడి అందరికంటే గట్టిగా ఆయనే కొట్టాడు. ముందు వరసలో ఉన్న పోస్టుమాస్టరు, అప్పటికింకా గుమాస్తానే, వెనక్కి తిరిగి "కళ్లు మూసుకుని ఎంత లీనమైపోయారండీ! వింటే అలా వినాలి" అని చేతులు పట్టుకున్నాడు. బాబాయి దిక్కుతోచక పిన్ని వంక చూశాడు. ఆవిడ నవ్వు బిగబట్టుకుని "అవునండీ, ఆయనంతే. పాట వింటే ఈ లోకంలో ఉండరు" అంది. ఆయన కుడిచెంప మీద అప్పటికింకా నాలుగు మీటల అచ్చు స్పష్టంగా ఉంది. పోస్టుమాస్టరు చూడకుండా ఆవిడే తన అరచేత్తో ఆ చెంప తుడిచినట్టు తుడిచి, చెయ్యి అక్కడే ఉంచింది.

ఆ తర్వాత కొన్నేళ్లకి ఆ బృందం విడిపోయింది. అభిమానులు మాత్రం విడిపోలేదు. ప్రతి ఏడూ అదే వారంలో, ఆదివారం మధ్యాహ్నం, లైబ్రరీ చదువుగదిలో చేరి ఎవరి జ్ఞాపకం వాళ్లు చెప్పుకునేవారు. మొదటి ఏడు ఆ రోజు డప్పు వాయించినాయన చేతిలో డప్పుకర్ర విరిగిందా, జారిందా అన్న దగ్గర కొట్టుకున్నంత పని చేశారు. దాంతో పోస్టుమాస్టరు ఒక రూలు పెట్టాడు: ఎవరి జ్ఞాపకం వాళ్లదే, పక్కవాళ్లు దిద్దకూడదు. ఆ రూలు పుణ్యమా అని కర్ర ఒక ఏడు విరిగేది, ఇంకో ఏడు జారేది, ఒకసారైతే పళ్ల డాక్టరమ్మ ఒళ్లో వచ్చి పడింది. ఆవిడ వంతు వచ్చినప్పుడల్లా ఆ కర్రని ఇంకాస్త మెత్తగా ఒళ్లో పడేసేది.

బాబాయి వంతు వస్తే పిన్నే లేచేది. "మా ఇద్దరిదీ ఒకటే జ్ఞాపకం" అని మొదలుపెట్టి కళ్లకి కట్టినట్టు చెప్పేది. ఆయన పక్కన తేలు కుట్టిన దొంగలా కూర్చుని తలాడించేవాడు. ఇంటికొచ్చాక "నా పరువు నిలబెట్టావే" అంటే, "మీ పరువు కాదు, నా టికెట్టు పరువు" అనేది. ఒక్కసారైనా నలుగురిలో ఆయన్ని బయటపెట్టలేదు. అలాంటి మనిషి ఎంతమందికి దొరుకుతుంది చెప్పండి.

ఆ సాయంత్రానికి తలమానికం చివర పాడిన పాట. నిజానికి పాట కూడా కాదు. ఆ మధ్యాహ్నమే కట్టారట, మాటలింకా రాయలేదని ఊ ఆ అంటూ వట్టి రాగమే తీశారు. ఒకాయన టేపు రికార్డరు తెచ్చాడు గానీ సరిగ్గా ఆ పాటకి ముందే టేపు అయిపోయింది. వాళ్లు మళ్లీ దాన్ని ఎక్కడా పాడలేదు. ఆ గదిలో ఉన్నవాళ్ల చెవుల్లో తప్ప అది ఇంకెక్కడా లేదు. పిన్ని మాత్రం ఫారాలు కుడుతూ రోజూ దాన్నే కూనిరాగం తీసేది. బాబాయికి ఆ పాట తెలిసింది అలాగే, బల్లకి అటువైపునుంచి.

పిన్ని పోయి ఎనిమిది నెలలైంది. దబ్బనం గుచ్చిన దారపుండ అలాగే పీట పక్కన ఉంది. బాబాయి కుట్టు పని ఒప్పుకోవడం మానేశాడు. జిగురుతో అంటించేవి మాత్రం చేసి ఇస్తున్నాడు.

కూతురు రెండు వీధుల అవతలే ఉంటుంది. ఐదు నెలల పాపని భుజాన వేసుకుని ఒకరోజు వచ్చింది.

"నాన్నా, అమ్మ కుడుతూ ఒకటి పాడేది చూడు, అది ఎలా వెళ్తుంది? మొదలు వస్తోంది, తర్వాత రావట్లేదు. దీన్ని నిద్రపుచ్చుదామంటే సగంలో ఆగిపోతున్నా."

"అదెంత పని!" అని బాబాయి మొదలుపెట్టాడు. మొదటి ముక్క వచ్చింది. రెండోది ఎత్తుకోబోయి ఆగాడు. మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. మళ్లీ అక్కడే ఆగింది.

ముప్పై ఏళ్లు రోజూ విన్నది ఎనిమిది నెలల్లో పోయింది. మనిషి పోయినప్పుడు అందరూ వచ్చి ఓదార్చారు, పాట పోతోందని ఎవరితో చెప్పుకుంటాడు? వారం రోజులు మంచం మీద కూర్చుని, వీధిలో నడుస్తూ, గడ్డం గీసుకుంటూ ప్రయత్నించాడు. లాగినకొద్దీ ఉన్నది కూడా చెదిరిపోతున్నట్టుంది. ఇక మిగిలిన దారి ఒకటే. ఆ ఏటి సమావేశానికి వెళ్లి, విన్నవాళ్లని అడగాలి. అడగాలంటే తాను వినలేదని ఒప్పుకోవాలి. తన పరువు పోతే పోయింది, ఇన్నేళ్లూ "మా ఇద్దరిదీ" అని చెప్పిన ఆవిడ మాట అబద్ధమైపోతుందే అన్నదే ఆయన బాధ.

ఆ ఏడు సమావేశంలో ఒక విశేషం ఉంది. నాలుగు కుర్చీల్లో మిగిలిన రెండిట్లో ఒకాయన, గిటారు వాయించినాయన, పోస్టుమాస్టరు బతిమాలగా బతిమాలగా వస్తానన్నాడు. ఆయనకి చూపించాలని పోస్టుమాస్టరు అభిమానుల ఆల్బం బయటికి తీశాడు. ఫొటోలు, ఉత్తరాలు, చింపిన టికెట్లు అన్నీ అందులోనే. తీసేసరికి అది పేజీకో దిక్కుగా ఊడివచ్చింది. "బాబాయ్, సామాను తెచ్చుకుని అక్కడే కాస్త కుట్టిపెట్టరూ" అని ఫోను చేశాడు. జిగురుకి ఆగే రకం కాదది. పిన్ని దబ్బనం, దారపుండ సంచిలో వేసుకుని బాబాయి బయల్దేరాడు.

చదువుగదిలో ఇరవైమంది దాకా చేరారు. గిటారాయన తెల్లజుట్టుతో, చేతికర్రతో, ఒక మూల నెమ్మదిగా కూర్చున్నాడు. డాక్టరమ్మ తన ఒళ్లో కర్ర సంగతి ఆయన ముందు ఇంకాస్త ముద్దుగా చెప్పింది. ఆయన నవ్వాడే గానీ దిద్దలేదు. రూలు ఆయనకీ చెప్పి ఉంటారు.

బాబాయి వంతు వచ్చింది. కొందరు కుర్చీల్లో ఇబ్బందిగా సర్దుకున్నారు. ఆయన పక్క కుర్చీ ఖాళీగా ఉంది మరి.

"పర్లేదు బాబాయ్, మీరు చెప్పకపోయినా..." అన్నాడు పోస్టుమాస్టరు.

"చెప్తాను" అని బాబాయి లేచాడు. "నేను ఆ రోజు నిద్రపోయాను."

ఎవరో కిసుక్కుమన్నారు. జోకనుకున్నారు.

"నిజంగానే. మొదటి పాటకే పడుకున్నాను. చప్పట్లకి లేచాను. ఇన్నేళ్లూ మీ పిన్ని చెప్పింది ఆవిడ విన్నది. నాది అందులో ఏమీ లేదు. ఆవిడది అబద్ధం కాదు, నన్ను కాపాడింది, అంతే." ఆయన పక్కనున్న ఖాళీ కుర్చీ వీపు పట్టుకున్నాడు. "ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, ఆ చివరి పాట నాకు కావాలి. ఆవిడ రోజూ పాడేది. మా అమ్మాయి తన పాప కోసం అడిగింది, నేను మర్చిపోతున్నాను. మీరంతా విన్నారు కదా. కాస్త నేర్పండి."

పోస్టుమాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "లీనమైపోయారని అందరికీ చెప్పుకున్నానయ్యా, ముప్పై ఏళ్లు!" అన్నాడు. కోపంగా అందామనుకున్నాడు గానీ కోపం రాలేదు.

తర్వాత అంతా ఒకేసారి అందుకున్నారు. పోస్టుమాస్టరు పైకి తీశాడు, డాక్టరమ్మ కిందికి లాగింది, వెనకనున్నాయన ఇంకేదో పాటలోకి వెళ్లిపోయాడు. "అది కాదండీ!" "మీకేం తెలుసు, మీరు మెట్ల దగ్గరేగా నిలబడింది!" పాపం ఆ రూలు ఆ పూట గాలిలో కలిసిపోయింది. అందరికీ మొదటి ముక్క వచ్చు. ఆపైన తలా ఒక దారి. చివరికి అందరూ గిటారాయన వైపు తిరిగారు.

ఆయన తలడ్డంగా ఊపాడు. "నన్ను అడక్కండి. ఆ రోజు రైల్లో తిరిగి వెళ్తూ పాడబోతే మాకే రాలేదు. మేం ఆ పాట వదిలేసింది అందుకే."

బాబాయికి ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది. పరువు పోయింది, పాటా దొరకలేదు. వెంటనే లేచి వెళ్లిపోతే బాగుండదని, ముఖం దాచుకోవడానికైనా చేతికి పని కావాలని, ఆల్బం ముందుకు లాక్కున్నాడు. పేజీలు సర్దాడు. దారానికి మైనం రాసి, దబ్బనానికి ఎక్కించి, మొదటి కుట్టు వేశాడు.

దారం కాగితంలోంచి సుర్రుమని సాగింది. ఎనిమిది నెలలుగా ఆయన ఆ చప్పుడు వినలేదు. రెండో కుట్టు. మూడోది. గదిలో వాళ్లింకా వాదించుకుంటూనే ఉన్నారు. దబ్బనం లోపలికి దిగినచోట రాగం ఆగుతోంది, దారం సాగినంతసేపూ సాగుతోంది. మొదటి ముక్క అయిపోయింది. ఆగాల్సిన చోట ఆగలేదు. రెండోది దాని వెనకే వచ్చింది. తాను పాడుతున్నట్టు ఆయనకే తెలియదు. డాక్టరమ్మ చూసి, పక్కవాళ్లకి సైగ చేసింది. ఒక్కొక్కరే ఊరుకున్నారు.

పాట చాలాసేపు సాగింది. ఒక మెలిక తిరిగి, కిందికి దిగి, అక్కడ కాసేపు ఉండి, మళ్లీ మొదటికి వచ్చింది. ముడి వేసి తలెత్తేసరికి అందరూ ఆయన్నే చూస్తున్నారు.

"ఇదేనా?" అన్నాడు గిటారాయనతో, భయంగా.

గిటారాయన కర్ర ఊతంగా లేచి వచ్చి, ఆ ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు.

"మొదటి రెండు ముక్కలూ మావి. ఇప్పుడు గుర్తొచ్చింది. మేం కట్టింది అంతవరకే. దాన్నే తిప్పి తిప్పి పాడి లేచిపోయాం." ఆయన ఆల్బం మీది కొత్త కుట్టు వేలితో తడిమాడు. "ఆ తర్వాతది మాది కాదు."

"మరెవరిది?"

"నన్ను అడుగుతారేంటి? మీ ఇంట్లో ఎవరు పాడేవారు?"

బాబాయి చేతిలోని దబ్బనం వంక చూశాడు. పిన్నే! రోజూ బల్లకి అటువైపు కూర్చుని, కుట్టు కుట్టుకీ కాస్త కాస్తగా, తనకొక్క మాటైనా చెప్పకుండా కట్టుకుంటూ పోయింది. తానేమో అదంతా ఎవరో నలుగురు పాడిందనుకుని, వినలేకపోయానే అని సిగ్గుపడుతూ ముప్పై ఏళ్లు విన్నాడు. ఇరవైమంది ముందు, చిన్నపిల్లాడిలా, ఆయన ఏడ్చేశాడు. ఎవరూ ఆపలేదు.

డాక్టరమ్మ ఆయన సంచిలోంచి ఫోను తీసి కూతురికి కలిపింది. ఆయన రెండు చేతులూ ఆల్బం మీదే ఉన్నాయని, తనే చెవి దగ్గర పట్టుకుంది. అవతల పాప ఏడుపు వినపడుతోంది.

"దొరికిందా నాన్నా?" అంది కూతురు. "ఎవరి దగ్గరుంది?"

"మీ అమ్మ దగ్గరే ఉందే" అన్నాడు బాబాయి. "పాపని ఫోను దగ్గరికి తీసుకురా."

దబ్బనానికి మళ్లీ దారం ఎక్కించాడు.