మూగ మెట్టు

మొన్న బాపట్లలో నా రేపల్లె స్నేహితురాలి మనవరాలి పెళ్లికని చర్చికి వెళ్లి పరువు పోగొట్టుకుని వచ్చాను. పాడుతున్నది మాకందరికీ తెలిసిన పాత కీర్తనే. కుర్రాడొకడు కీబోర్డు మీద జోరుగా వాయిస్తున్నాడు, ఎదురుగా తెర మీద అక్షరాలు వెలుగుతున్నాయి, జనమంతా గుక్క తిప్పుకోకుండా పాడుతున్నారు. పల్లవి చివర గొంతు పైకెక్కి నిలబడాల్సిన చోట నేను టక్కున ఆగిపోయాను. ఆగి, ఊపిరి పీల్చుకుని, తల కొంచెం ఎత్తి ఎదురుచూశాను. ఈలోగా పాట దాని దారిన అది వెళ్లిపోయింది. హడావుడిగా అందుకోబోయి వేరే చరణం అందుకున్నాను, అదీ గట్టిగా. ముందు వరసలో పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని "ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?" అంది. నా ఒంటికేం, దుక్కలా ఉంది. నన్నిలా తయారుచేసింది రేపల్లెలో మా మేనత్త.

మేనత్తంటే మా నాన్నకి అక్కయ్య. చిన్నబడిలో పంతులమ్మ. పెళ్లైన రెండేళ్లకే మావయ్య పోతే మా ఇంటికి వచ్చేసి, ఇక మా ఇల్లే తన ఇల్లనుకుంది. ఆవిడకి ఇష్టమైనవి లోకంలో రెండే. ఒకటి చిక్కటి కాఫీ, రెండోది చర్చిలో ఉన్న కాళ్ల హార్మోనియం. ఎవరో దొరసానమ్మ తన దేశం వెళ్లిపోతూ వదిలేసిన పెట్టె అది. కింద రెండు పలకలు, వాటిని తొక్కుతుంటే తిత్తుల్లోకి గాలి వెళ్లేది. పైన వేళ్లతో నొక్కడానికి నల్లవీ తెల్లవీ మెట్లు. వానాకాలం వస్తే చెక్క ఉబ్బిపోయి, ఒక మెట్టు నొక్కితే పక్కది కూడా నేనూ వస్తానంటూ దిగేది. అత్తయ్య ఆదివారం అందరికంటే ముందు వెళ్లి, పాత చీర ముక్కతో ఒక్కో మెట్టూ తుడిచి, తను కుట్టిన పూల గుడ్డ మడిచి పక్కన పెట్టుకుని కూర్చునేది. మూత తియ్యగానే పాత చెక్కా, ఎలుకల కోసం వేసిన కలరా ఉండలూ కలిసిన వాసన వచ్చేది. ఇప్పటికీ కలరా ఉండల వాసన తగిలితే నాకు భక్తి కలుగుతుంది, ఏం చెయ్యను!

ఆ పెట్టెలో ఒక మెట్టు మూగది. నొక్కితే ఉస్సుమనడమే తప్ప పలికేది కాదు. మావాళ్లు ప్రతి పండక్కీ పాడే కీర్తనలో పల్లవి చివర ఎక్కి నిలబడాల్సింది సరిగ్గా ఆ మెట్టు మీదే. అత్తయ్య అక్కడికి రాగానే చెయ్యి పైకెత్తేసి, నాలుగంకెలు లెక్కపెట్టేంత సేపట్లో తర్వాతి చరణం మొదటి మాటలు గట్టిగా చెప్పేసేది. దాన్ని మాట అందించడం అనేవాళ్లు. ఎడమవైపు చాపల మీద కూర్చునే ఆడవాళ్లలో ఎక్కువమంది నాట్లకీ కోతలకీ వెళ్లేవాళ్లు. పుస్తకం చేతికిచ్చినా చదవలేరు. అత్తయ్య అందించాలి, వాళ్లు అందుకోవాలి. అందుకున్నారంటే మాత్రం పెంకులు లేచిపోవాల్సిందే. అలా ఏళ్ల తరబడి పాడీ పాడీ, ఆ కీర్తనలో అక్కడ ఆ ఖాళీ ఉండనే ఉంటుందని మా చర్చి మొత్తం నమ్మేసింది. నేనూ నమ్మాను.

అరవైల చివర్లో నేను బాపట్లలో టీచరు ట్రైనింగులో చేరాను. అక్కడి చర్చిలో అదే కీర్తన వాయిస్తుంటే, మేం ఆగే చోట పైనొక స్వరం నిలబడి మోగింది. అయ్యో, ఇంత అందమైనదాన్ని మా అత్తయ్య ఇన్నేళ్లూ పోగొట్టుకుందే అని ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్ల వయసు, పైగా చదువుకుంటున్నానన్న పొగరు. ఇంటికి వెళ్లినప్పుడల్లా, చర్చి పెద్దల్లో ఒకరైన మా నాన్న ప్రాణం తీసి, చివరికి ఆ పెట్టెని రైల్లో తెనాలి తీసుకెళ్లేలా చేశాను. నాటకాలవాళ్ల హార్మోనియాలు బాగుచేసే ఆయన కొట్టు ఉండేదక్కడ. ఆయన పెట్టె విప్పి, చిలుము పట్టి పలకని ఇత్తడి రేకు, రీడంటారే, అది తీసేసి కొత్తది వేశాడు. బాగైందో లేదో చూడాలని నాటకం పద్యం ఒకటి అందుకుని, రాగం తీస్తూనే ఉన్నాడు. వీధిలో జనం పోగయ్యారు. నాన్న ఇబ్బందిపడిపోయి "ఇది చర్చి పెట్టెండీ" అన్నారు. "పెట్టెకేం తెలుసండీ, గాలి కొడితే పలుకుద్ది" అన్నాడాయన. తర్వాత మూగ మెట్టు మీద వేలు పెట్టి, "ఇది లేకుండా ఇన్నాళ్లూ వాయించిందెవరండీ? గట్టి మనిషే!" అన్నాడు. నేను పొంగిపోయాను.

ఆ పొంగు ఇంటికొచ్చేవరకే. పెట్టె బాగుపడింది కాబట్టి దానికి తగ్గ మనిషి వాయించాలని పెద్దలకి తోచింది. హైస్కూలుకి కొత్తగా వచ్చిన మాస్టారు సంగీతం నేర్చుకున్నాడు, మర్యాదస్తుడు. కొత్త పంట చర్చికి తెచ్చే కోతపండగ నుంచి ఆయన కూర్చుంటే బాగుంటుందన్నారు. అది చెప్పే పని తమ్ముడని నాన్న మీదే పెట్టారు. నాన్న తలవంచుకుని చెప్పారు. అత్తయ్య బియ్యంలో రాళ్లు ఏరుతోంది. "మంచిదేగా, నావి ముసలి వేళ్లయిపోయాయి" అంది, చేటలోంచి చూపు తిప్పకుండా. పూల గుడ్డ ఉతికి, ఇస్త్రీ చేసి, మాస్టారికి పంపించింది. ఆవిడకి వారమంతా ఎదురుచూసుకోవడానికి ఉన్నది ఆ ఒక్క కుర్చీ. దాన్ని ఊడగొట్టింది నేను. ఆ వారం ఆవిడ ఇచ్చిన కాఫీ, ఎదురుగా కూర్చోలేక, పెరట్లోకి తీసుకెళ్లి తాగాను.

కోతపండగ రోజు చర్చి నిండా వరికంకుల కట్టలు, గుమ్మడికాయలు. ఎవరో తెచ్చిన కోడిపుంజు పాస్టరు అయ్యగారి ప్రార్థన మధ్యలో కూసి అందరినీ నవ్వించింది. అత్తయ్య ఆడవాళ్లతో పాటు చాప మీద కూర్చుంది, పక్కన నేను. మాస్టారు కీర్తన మొదలుపెట్టాడు. ఎంత బాగా వాయించాడో! పల్లవి చివర కొత్త రీడు ఖంగున మోగింది. జనమంతా అలవాటు కొద్దీ ఆగిపోయారు. మాస్టారు ఆగలేదు. పుస్తకాలున్న మగవాళ్లు పరుగెత్తి అందుకున్నారు. ఆడవాళ్లలో కొందరు రెండో చరణం, కొందరు మళ్లీ పల్లవి. మాస్టారి మెడ మీద చెమటలు. మూడో చరణానికి వచ్చేసరికి ఎడమవైపు నోళ్లన్నీ మూతపడ్డాయి. వాళ్లు తెచ్చిన పంట ఎదురుగా ఉంది, వాళ్ల పాట మాత్రం లేదు. అప్పుడు మా వెనక కూర్చున్న ముసలమ్మ, అంతమందిలో, "పంతులమ్మా, మాటందియ్యవేంటమ్మా? మేం పాడొద్దా ఏంటి?" అంది.

అత్తయ్య ఒక్క క్షణం నా వైపు చూసింది. మళ్లీ పల్లవి చివరికి పాట రాగానే, కూర్చున్న చోటు నుంచే గొంతెత్తి మాట అందించింది. మాస్టారి చెయ్యి గాల్లోకి లేచి ఆగిపోయింది. చాపల వైపు నుంచి పాట ఒక్కసారిగా లేచింది. నేను పాడలేకపోయాను, ఏడుస్తూ కూర్చున్నాను. ఆరాధన అయ్యాక మాస్టారు పూల గుడ్డ తీసుకుని మా దగ్గరికొచ్చి, "నాకు వాయించడం వచ్చండి. ఇంతమంది చేత పాడించడం రాదు. మీరే కూర్చోండి" అన్నాడు.

ఆవిడ మళ్లీ కూర్చుంది. డెబ్బైల్లో కళ్లు కనబడడం మానేసేదాకా ఆవిడే వాయించింది. ఆ మెట్టు ఇక పలికేదే, అయినా ఆ చోటికి రాగానే చెయ్యి ఎత్తేసి మాటే అందించేది. ఒక ఆదివారం జనమంతా వెళ్లిపోయాక నా గొడుగు కోసం వెనక్కి వెళ్తే, లోపల ఆవిడ ఒక్కతే అదే కీర్తన వాయించుకుంటోంది. పల్లవి చివర ఆ మెట్టు మీద వేలు పెట్టి, గాలి ఉన్నంతసేపూ తియ్యలేదు. గుమ్మంలో నన్ను చూసి, దొంగతనం చేస్తూ దొరికినట్టు నవ్వింది. "బాగుందే అమ్మాయ్, నువ్వు బాగుచేయించిన మెట్టు. కానీ నేను దీని మీదే ఉండిపోతే వాళ్లకి మాటెవరందిస్తారే?" అని మూత వేసేసింది.

ఆ చాపల మీది ఆడవాళ్ల మనవరాళ్లే మొన్న పెళ్లిలో తెర వంక చూస్తూ చకచకా పాడుకుపోయారు. ఎవరూ ఎవరికీ అందించనక్కర్లేదు, అంతకంటే కావలసిందేముంది? యాభై ఏళ్లు గడిచాయి. నేను మాత్రం ఆ చోటికి రాగానే ఆగుతాను. నాలుగంకెలు లెక్కపెట్టేంత సేపు, అత్తయ్య మాట అందించే దాకా.