ఆత్మకూరుకు పోయిన పోలేరయ్య

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. చెంచమ్మ దగ్గర ఆ సామెత చెల్లదు. ఆమె నోరు విప్పితే అనంతసాగరం చెరువు కట్ట కింద కాకులు కూడా లేచిపోతాయి, అయినా ఊళ్లో ఆమెకు కానివాళ్లు లేరు. చేపలమ్మి, నాట్లకు పోయి సంసారం ఈదిన మనిషి. అంతటి మనిషి కెమెరా ముందు నోరు జారి మొగుణ్ణి చంపుకుంది.

చెరువు మీద బతికేవాళ్ల గురించి డాక్యుమెంటరీ తీయాలని నెల్లూరు నుంచి దివ్యశ్రీ అనే అమ్మాయి వచ్చింది. మీ ఆయన ఏడీ అని అడిగింది.

"మా ఆయనా? వల తెచ్చేదానికి ఆత్మకూరుకు పోయినాడు."

తర్వాత మాటల్లో కిందటేడు చచ్చిపోయిన బర్రె గుర్తొచ్చి చెంచమ్మ నిజంగానే ఏడ్చింది. "పెట్టింది తిని, ఒక్కరోజు నాకు ఎదురు తిరగలేదు తల్లీ."

నెల తిరక్కుండా వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చింది. అందులో వల లేదు, ఆత్మకూరు లేదు, బర్రె అసలే లేదు. "మా ఆయనా... పోయినాడు" అంటుంది చెంచమ్మ. చెరువులో పొద్దు గుంకుతుంది. వేణువు మోగుతుంది. "పెట్టింది తిని, ఒక్కరోజు నాకు ఎదురు తిరగలేదు" అని ఆమె కొంగుతో కళ్లొత్తుకుంటుంది. మొగుడు పోలేరయ్య తన చావును పదిసార్లు చూసుకుని, ముప్పై ఏళ్ల కాపురంలో ఇంత మంచిమాట వినలేదని మురిసిపోయాడు.

చెంచమ్మకు మాత్రం చిక్కొచ్చి పడింది. సీతారామపురంలో అక్క కూతురు ప్రేమలత పెళ్లి. చెంచమ్మ చంకనేసుకుని పెంచిన పిల్ల. పసుపు దంచేటప్పుడు మొదటి పోటు పిన్నమ్మదేనని ఆ పిల్ల ఎప్పుడో మాట తీసుకుంది. విధవను రోకలి ముట్టనివ్వమని మగపెళ్లివారు కబురు పెట్టారు. దివ్యశ్రీకి ఫోను చేస్తే, వీడియోకు బహుమతి వచ్చిందనీ, ఇక మార్చలేమనీ, అందులో తాను కల్పించిన మాట ఒక్కటీ లేదనీ చెప్పింది. నిజమే, మాటలన్నీ చెంచమ్మవే. తీసేసిన మాటలకు ఎవరూ పూచీ కాదు.

చేసేది లేక మొగుణ్ణే వెంటబెట్టుకుని, ఉదయగిరిలో బస్సు మారి పెళ్లింటికి చేరింది. పెళ్లికొడుకు తల్లి రామసుబ్బమ్మ పోలేరయ్యను ఎగాదిగా చూసింది. అక్క ముందుకొచ్చి ఈయన మా మరిదేనని ఒట్టేసినా ఆమె వినలేదు.

"ఫోనులో కళ్లారా చూసినాం గదమ్మా. పని జరిగేదానికి ఎవురినో పిలుచుకొచ్చినట్టుండారు."

ఇంతలో పోలేరయ్య బురద కాళ్లతో ముగ్గు తొక్కుకుంటూ వెళ్లి, పసుపు కొమ్ములు పోసిన చాప మీద కూలబడ్డాడు.

"కండ్లు యాడ పెట్టుకున్నావయ్యా? ముప్పై ఏండ్లుగా చెప్తాండా, నాలుగిళ్లకు పోతే కాళ్లు కడుక్కోమని. నిన్ను తీసకచ్చినాను చూడు, నన్ననాల!"

చెంచమ్మ ఇంకా తిడుతూనే ఉంది. పోలేరయ్య కిక్కురుమనకుండా లేచి నీళ్ల తొట్టి దగ్గరికి నడిచాడు. రామసుబ్బమ్మ ఆయన వెళ్లినవైపే కాసేపు చూసి, రోకలి తెచ్చి చెంచమ్మ చేతిలో పెట్టింది.

"దంచు తల్లీ. సొంత మొగుడే. అరువు మొగుడైతే ఇన్ని మాటలు పడడు."