తువ్వాల కింద లారీ బేరం

ఖాజాగూడ వీరేశం ఎద్దును కొనే తీరు చూస్తే ఎవరికైనా విసుగు పుడుతుంది. అతని పెండ్లాం నీలమ్మకు విసుగు దాటి అసహ్యం పుట్టి చాలా ఏళ్ళయింది. నార్సింగి అంగడికి పోతాడు. ఎద్దు నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు, తోక పట్టి లాగుతాడు, సుళ్ళు వెతుకుతాడు, నాలుగడుగులు నడిపించమంటాడు. అన్నీ బాగానే ఉంటాయి. అప్పుడు తువ్వాల దులిపి భుజాన వేసుకుని, వచ్చే అంగడికి ఇంతకన్నా మంచిది రాకపోతుందా అని ఇంటిదారి పడతాడు. వచ్చే అంగడిలోనూ అదే పాట. ఒకసారి ఇట్లాగే ఆరు అంగళ్ళు తిరిగి, దున్నే అదను కాస్తా పోయాక, ఎవరూ కొనని ఒంటికన్ను ఎద్దును తోలుకొచ్చాడు. కాడికి ఎడమవైపు, దాపట కడితే ఆ గుడ్డికన్ను ఎవరికీ కనపడదని పైగా సమర్థింపు.

ఆ ఒంటికన్ను ఎద్దుతోనే బండి నడిచేది. చెరువు పక్కన వాళ్ళకు తాతలనాటి బండ ఒకటుంది. కొట్టేవాళ్ళు రాయి కొట్టి పడేస్తే, వీళ్ళు బండికెత్తి కొండాపూర్ మీదుగా బాలానగర్ తోలేవాళ్ళు. అక్కడ ఒక ఫ్యాక్టరీ గోడ లేచేలోపు ఇంకో ఫ్యాక్టరీకి పునాది తీస్తున్న రోజులు. బండి మీద కూర్చుని అదిలించడం వీరేశం పని. వెనక నడుస్తూ, ఎక్కుడు దగ్గర ఎడ్లు ఆగినప్పుడల్లా చక్రం కింద అడ్డంగా రాయి పెట్టడం నీలమ్మ పని. పదిహేనేళ్ళుగా ఎండకూ వానకూ అదే పని. ఒకరోజు బండి జారి ఆమె కుడిచేతి బొటనవేలు చక్రానికీ రాయికీ మధ్య నలిగింది. గోరు మళ్ళీ రాలేదు. వేలి మెత్తకు అడ్డంగా ఒక గాటు మిగిలింది.

అందుకే లారీ మాట మొదట ఎత్తింది నీలమ్మే. అరవై ఏడులో పేరు రాయించారు. వీరేశం పేరుకు ఇనుము అచ్చిరాదని పంతులు చెప్పాడు కనుక పెండ్లాం పేరు మీద రాయించారు. ఆ రోజుల్లో లారీ కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి వంతు కోసం చూడాలి. అయిదేళ్ళు చూశారు. బండ పట్టా పెట్టుకుని బ్యాంకువాళ్ళు కూడా అప్పుకు సరేనన్నారు.

డెబ్బై రెండు వానాకాలంలో రెండు కబుర్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మొదటిది బాలానగర్ కంట్రాక్టరు సీతారామయ్య చెప్పింది. గుంటూరు దిక్కు నుంచి వచ్చిన మనిషి, మాట మెత్తన, పని కచ్చితం. దసరా దాటితే ఎడ్లబండి రాయి తీసుకోనన్నాడు. మీరు లారీ తెచ్చుకుంటే మీ బండ రాయి మీరే తోలండి, లేకపోతే నా లారీ నేను పెట్టుకుంటాను, మీరిద్దరూ దానికి రాయెత్తే కూలికి రండి అన్నాడు. తాతల బండ దగ్గర కూలి. ఆ మాట విన్నప్పటినుంచి నీలమ్మకు అన్నం సయించలేదు.

రెండోది సికింద్రాబాద్ నుంచి వచ్చిన ఉత్తరం. లారీలమ్మే షోరూమువాళ్ళు రాసింది. మీ వంతు వచ్చింది, పదిహేను రోజుల్లో వచ్చి ఒప్పుకోకపోతే తర్వాతివాళ్ళకు పోతుంది అని బడిపంతులు చదివి చెప్పాడు. నీలమ్మ ఆ ఉత్తరాన్ని బియ్యం కుండలో దాచింది. ఇక గట్టెక్కామనుకుంది. పిచ్చిది, మొగుడి సంగతి తెలిసి కూడా అట్లా అనుకుంది.

కల్లు కంపౌండులో బాలనర్సయ్య అని ఒకడుండేవాడు. ఎవరి లారీనో తోలేవాడు. వాడు వీరేశం చెవిలో ఒక మాట ఊదాడు. ఏడాదిలో కొత్త మోడల్ వస్తోందట. ఇప్పటి లారీకున్నట్టు ముందుకు పొడుచుకొచ్చిన మూతి ఉండదట, ముఖం చదరంగా పలకలా ఉంటుందట. స్టీరింగు ఒక్క వేలితో తిరుగుతుందట. ఇప్పుడు కొనేవాడు ఏడాది తిరిగేసరికి పాత బండి ఓనరై కూర్చుంటాడట. ఇన్ని "అట"లు చెప్పి వాడు ఇంకో ముంత కల్లు వీరేశంతోనే తెప్పించుకున్నాడు.

ఆ రోజునుంచి వీరేశానికి కొత్త మోడల్ పూనింది. జన్మలో ఎద్దు పగ్గం తప్ప మరొకటి పట్టనివాడు స్టీరింగు గురించి మాట్లాడతాడు. మూతి ఉంటే మంచిదా లేకుంటే మంచిదా అని దారిన పోయేవాళ్ళనడుగుతాడు. వాళ్ళకు మాత్రం ఏం పోయింది, తలా ఒక మాట చెబుతారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. నీలమ్మకు ఆ ముచ్చట్లు వింటుంటే నోట్లో చేదు ఊరేది, వాకిట్లోకి పోయి ఉమ్మి వచ్చేది.

చెప్పి చెప్పి అయిదో రోజు మొగుణ్ణి షోరూముకు బయలుదేరదీసింది. అక్కడ రామ్మోహనరావు అని సన్నటి గుమాస్తా, కాకినాడ మనిషి, కూర్చోండి అంటూ ఇద్దరికీ కుర్చీలు చూపించాడు. వీరేశం కూర్చోలేదు. బండి చూపించమన్నాడు. వెనక ఆవరణలో లారీ ఉంది. లారీ అంటే ఇంజను, చక్రాలు, పొడుగాటి ఇనుప దూలాలు, అంతే. డ్రైవరు గది, రాయి పోసే తొట్టి వడ్రంగుల చేత మనమే కట్టించుకోవాలి. వీరేశం దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మూతి తెరిపించి లోపలికి తొంగి చూశాడు. చక్రాన్ని అరచేత్తో చరిచాడు. నాలుగడుగులు నడిపించమన్నాడు. నడిపించారు. నీలమ్మకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కొత్త మోడల్ సంగతేమిటని అడిగాడు. రామ్మోహనరావు దాచకుండా చెప్పాడు. వస్తుందంటున్నారండీ, ఎప్పుడొస్తుందో మాకూ తెలియదు, దానికోసం ఆగుతామంటే కాగితం రాసివ్వండి, కానీ మీ పేరు వరసలో చివరికి పోతుంది, మళ్ళీ అయిదేళ్ళో ఆరేళ్ళో అన్నాడు. ఇంతకన్నా విడమరిచి దేవుడు కూడా చెప్పడు. అప్పుడు వీరేశం ఏం చేశాడంటే, భుజం మీది తువ్వాల తీసి కుడిచేతి మీద కప్పి, ఆ చేతిని గుమాస్తా ముందుకు చాపాడు.

అంగట్లో బేరం అట్లాగే చేస్తారు. తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకుండా. కాకినాడ మనిషికి అదేం తెలుసు. "వద్దండీ, నా చేతులు శుభ్రంగానే ఉన్నాయి" అన్నాడు.

వీరేశం తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. బయటికి నడిచాడు. నీలమ్మ వెంటపడి ఏమైందని అడిగితే, గొంతు తగ్గించి, "ఎనకకు సూడకు. సూస్తె మనది లోకువైతది. వాళ్ళే ఉరికొస్తరు" అన్నాడు.

నిజమే, అంగట్లో వెనక్కి చూసినవాడు ఓడినట్టు. నాలుగడుగులు వేసేసరికి అమ్మేవాడే పరిగెత్తుకొచ్చి భుజం పట్టుకుంటాడు. ఇక్కడ ఎవరూ రాలేదు. వీరేశం బస్టాపు దాకా మెడ తిప్పలేదు. నీలమ్మ మాత్రం చూసింది. రామ్మోహనరావు అప్పటికే వేరేవాళ్ళతో మాట్లాడుతున్నాడు. పదిహేనేళ్ళు ఈ మనిషి బండి చక్రం కింద చెయ్యి పెట్టానే అని ఆమెకు తన మీదే రోత పుట్టింది.

తర్వాత వీరేశం పని మానేసి ఊరి మొదట్లో కల్వర్టు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు, షోరూమువాళ్ళ జీపు కోసం. దుమ్ము లేస్తే చాలు, లేచి నిలబడి, మళ్ళీ చూడనట్టు మొహం పక్కకు తిప్పుకుని కూర్చునేవాడు. ఒకరోజు ఇంటికొచ్చి, రేషన్ కార్డులో పేరు సరిచేయాలి, వేలిముద్ర కావాలన్నాడు. నీలమ్మ పిండి చెయ్యి కడుక్కుని వేసింది.

పదిహేనో రోజు వచ్చింది. ఉదయం వీరేశం కల్వర్టు మీదికి పోగానే నీలమ్మ బియ్యం కుండలోంచి ఉత్తరం తీసి కొంగున కట్టుకుని, అడ్డదారిన టోలిచౌకి దాకా నడిచి బస్సెక్కింది.

రామ్మోహనరావు ఆమెను గుర్తుపట్టాడు. కానీ మొహం అదోలా పెట్టాడు. మీరు ఆగుతామన్నారు కదమ్మా అన్నాడు. ఎవరన్నారంటే బల్లమీది కాగితం ఒకటి చూపించాడు. మొన్న బాలనర్సయ్య అనే డ్రైవరు తెచ్చిచ్చాడట. మాకు ఈ బండి వద్దు, కొత్త మోడలే కావాలి, అని అందులో రాసి ఉందట. కింద నీలి సిరాతో వేలిముద్ర. ముద్రకు అడ్డంగా తెల్లటి గాటు.

నీలమ్మకు అక్షరం రాదు, కానీ ఆ గాటు తెలియదా. తెలిసేసరికి ఒళ్ళంతా పురుగులు పాకినట్టయింది. ఇదీ అంగడి ఎత్తే. లేచి వచ్చినా అమ్మేవాడు వెంటపడకపోతే, ఒక మధ్యవర్తిని పంపి ఆ ఎద్దు మాకొద్దని చెప్పిస్తారు, అప్పుడైనా దిగొస్తాడని. ఎద్దుకు చేసినట్టే లారీకీ చేశాడు మహానుభావుడు. చేస్తే చేశాడు, రేషన్ కార్డని అబద్ధమాడి తన వేలితోనే తన వంతు తీసేయించాడు. చక్రం కింద నలిగిననాడు కూడా ఆ వేలు ఇంత సలపలేదు.

"ఇది మీ వేలిముద్రేనా అమ్మా?" అని రామ్మోహనరావు అడిగాడు.

"ఏలు నాదే సారూ. మాట నాది కాదు" అంది నీలమ్మ. "నా పేరు మీద వంతొచ్చింది. నన్నడగకుంట ఎవలో రాసింది నా మాట ఎట్లైతది? నేనిప్పుడు నీ ఎదురుగ నిలబడి చెప్తున్న. మూతి ఉన్నా సరే, లేకున్నా సరే. రాయి మోస్తె సాలు."

రామ్మోహనరావు గడియారం చూశాడు. ఆ కాగితం సాయంత్రం టపాలో పై ఆఫీసుకు పోవాలి, అది పోయాక తన చేతిలో ఏమీ ఉండదు. తర్వాత కాగితం ఆమె చేతికే ఇచ్చి, మీరు ఇచ్చింది మీరే వెనక్కి తీసుకున్నారు, అంతేగా అన్నాడు. నీలమ్మ దాన్ని నాలుగు ముక్కలు చేసింది. అతను వేరే కాగితం పెట్టి సిరా డబ్బీ జరిపాడు. ఆమె వేలు అద్ది, కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా నొక్కింది.

ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. బ్యాంకు పని అవగానే, అయిదో రోజు, మళ్ళీ ఎవరికీ చెప్పకుండా పోయి, ఆఖరి కాగితం మీద వేలిముద్ర వేసి లారీ తీసుకుంది. బాలానగర్‌లో వడ్రంగుల షెడ్డుకు చేర్చమని షోరూమువాళ్ళు ఒక డ్రైవరునిచ్చారు. సీట్లు లేవు కనుక అతను ఒక చెక్కపెట్టె మీద కూర్చుని, మొహానికి గుడ్డ చుట్టుకుని తోలాడు. పక్కన ఇంకో పెట్టెను తాళ్ళతో కట్టించుకుని నీలమ్మ కూర్చుంది. ఎదురుగా అద్దం లేదు, పైన కప్పు లేదు. కళ్ళ నిండా దుమ్ము. చుట్టైనా సరే, ఖాజాగూడ మీదుగా పోవాలని ఆమె చెప్పింది.

కల్వర్టు దగ్గర వీరేశం ఉన్నాడు. బాలనర్సయ్య, ఇంకో పదిమంది ఉన్నారు. లారీ ఆగింది. వీరేశం లేచి లారీని మూతినుంచి వెనకదాకా చూశాడు. తర్వాత అతని మొహంలో వెలుగు మెల్లగా పాకింది. తువ్వాల తీసి దులిపి భుజాన వేసుకుని పదిమంది వైపూ తిరిగాడు.

"నేను చెప్పలే? ఎనకకు సూడకుండ వస్తె వాళ్ళే ఇంటికి పంపుతరని. సూడున్రి, పంపిన్రా లేదా?" అన్నాడు.

పదిమందీ తలలూపారు. వీరేశం అంటే వీరేశమే అన్నాడొకడు. నీలమ్మ కిందికి ఉమ్మింది, పెట్టె మీదినుంచి దిగలేదు. కుడిచెయ్యి చాపి, సిరా మరక ఇంకా పోని బొటనవేలు మొగుడి కళ్ళముందు పెట్టింది. అతను ఆ గాటునూ సిరానూ చూశాడు. బాలనర్సయ్యా చూశాడు, చూసి మెల్లగా వెనక్కి జరిగాడు. మిగతావాళ్ళకు అర్థం కాలేదు.

"వంతు నాది, బండి నాది" అంది. "ఎక్కుతె కూలోని లెక్క ఎక్కు. రాయెత్తు, దించు. లేదంటవా, కొత్త మోడల్ వచ్చేదాంక గీ కల్వర్టు మీదనే కూసో."

డ్రైవరు ఇంజను ఆపలేదు, లారీ కింద నేల అదురుతూనే ఉంది. నీలమ్మ రోడ్డువైపు తిరిగి పోనిమ్మంది. కదిలాక వెనక పరిగెత్తుతున్న చెప్పుల చప్పుడు వినిపించింది. ఇనుప దూలం పట్టుకుని ఎవరో రొప్పుతూ పైకి పాకారు. నీలమ్మ వెనక్కి చూడలేదు.