ఆవిరి జల్లెడ

ఆ అమ్మాయి మానవశాస్త్రం మీద ప్రేమతో అందులో చేరలేదు. కాలేజీలో కామర్స్ సీట్లు అయిపోయాయి, మిగిలిన గదిలోకి వెళ్ళి కూర్చుంది, అంతే. వాళ్ళమ్మ మాత్రం మా పిల్ల మనుషుల డాక్టరు చదువుతోందని వీధంతా చెప్పేసింది. ఎదురింటావిడ మోకాలి నొప్పికి మందడగడానికి వచ్చేదాకా ఆ పొరపాటు దిద్దే ఓపిక ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

అయితే మొదటి పాఠమే పిల్లను కట్టిపడేసింది. భూమ్మీద ఏ మూలకు వెళ్ళినా మనుషులు కొన్ని పనులు మానరని చెప్పింది మేడమ్. ఎదురుపడితే పలకరించుకుంటారు. పుట్టిన బిడ్డకు పేరు పెడతారు, పోయినవాళ్ళ కోసం ఏడుస్తారు, గడప తొక్కినవాళ్ళ చేతిలో తినేదో తాగేదో పెడతారు. గుంపులోకి కొత్తగా వచ్చినవాణ్ణి ముందు కాస్త ఆడించి, ఏడిపించి, ఆ తర్వాతే పక్కన కూర్చోబెట్టుకుంటారు. మీకు బాగా తెలిసిన చోట ఇలాంటి అలవాటు ఒకటి పట్టుకుని దాని గురించి రాసుకు రమ్మని పురమాయించింది.

ఆ పాఠమంతా భోజనాల దగ్గర నాన్నకు ఒప్పజెప్పింది. నాన్న పెద్ద లాండ్రీలో మడత సెక్షన్ మనిషి. ఆస్పత్రుల దుప్పట్లూ హోటళ్ళ తువ్వాళ్ళూ అక్కడ డ్రమ్ముల్లో ఉతికి, వేడి రోలర్ల మధ్య ఇస్త్రీ అయ్యాక నాన్న బల్ల మీదికి వస్తాయి. ఇంట్లోనూ ఆయన చేతులు ఊరుకోవు. ఖాళీ సంచీ కనబడితే చాలు, అంచుకు అంచు కలిపి చదును చేసేస్తాడు. అమ్మ తుడుచుకుందామని భుజం మీద వేసుకున్న తువ్వాలు కూడా ఆయన పక్కనుంచి వెళ్తే మడతై బీరువాలో తేలుతుంది.

కొత్తవాళ్ళ మాట వినగానే నాన్న మొహం వెలిగిపోయింది. తమ షెడ్డులోనూ ఉందా ముచ్చట. కొత్తగా చేరిన మనిషిని మొదటిరోజే పిలిచి, రోలర్ల దగ్గర ఆవిరిలో నలకలు వస్తున్నాయి, జల్లించాలి, వెళ్ళి ఆవిరి జల్లెడ పట్టుకురమ్మంటారు. పాపం, ఆ మనిషి స్టోరుకు పరిగెడతాడు. స్టోరులో బాయిలరు దగ్గర ఉందంటారు. బాయిలరు దగ్గర వ్యానులో ఉందంటారు. వ్యాను డ్రైవరు మూతి కట్టిన గోనెసంచీ ఒకటి నెత్తికెత్తుతాడు. రొప్పుతూ తెచ్చి విప్పితే లోపల ఇటుకలు. షెడ్డంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంది, ఆ తర్వాత టీ ఇచ్చి ఓ ముద్దుపేరు పెడుతుంది. జల్లెడ కోసం గిరగిరా తిరిగిన మేస్త్రీ ఆ రోజునుంచి బొంగరం అయ్యాడు. అది దొరక్క అందరినీ ఆపకుండా తిట్టిన డ్రైవరు రేడియో. ఉన్న తాళాలన్నీ తీసి వెతికిన స్టోరు ఆవిడ తాళాలక్క.

తల్లీకూతుళ్ళు నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. అమ్మే అడిగింది, "మరి మీకేం పేరు పెట్టారండీ?"

నాన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నాకా? నన్నెవరూ పంపలేదు. నన్ను అందరూ సార్ అంటారు."

ఆ మాట ఇన్నేళ్ళూ ఆయన గొప్పగానే చెప్పుకున్నాడు. ఆ పూట మాత్రం గొప్పగా వినిపించలేదు. మంచినీళ్ళు తాగి లేచిపోయాడు. మర్నాడు చెప్పులు వేసుకుంటూ, ఏదో గాలి మాటలా, ఎవరూ ఏడిపించని మనిషి గురించి మీ పాఠంలో ఏమైనా ఉందా అని కూతుర్ని అడిగాడు. ఆ పిల్లకు లౌక్యం తక్కువ. మేడమ్‌ను అడిగొచ్చి, విన్నది విన్నట్టు చెప్పేసింది. ఎక్కడైనా సరే అతిథిని మాత్రం ఆటపట్టించరట, కుర్చీ వేసి మర్యాద చేస్తారట.

"అంటే ఇన్నేళ్ళూ నేనక్కడికి చుట్టం చూపుగా వెళ్ళొస్తున్నానన్నమాట" అన్నాడు నాన్న. నవ్వాలని చూశాడు కానీ నవ్వు రాలేదు. ఆ నెలాఖరుకు ఆయన రిటైరవుతున్నాడు. చుట్టంలాగే సెలవు తీసుకుని వచ్చేస్తాడన్నమాట. కూతురికి ఆ పాఠం చెప్పిన నోటిని కుట్టేసుకోవాలనిపించింది.

ఎలాగూ రాయాల్సిన పని ఉందన్న వంకతో లాండ్రీకి వెళ్ళింది. టీ వేళకు షెడ్డు వెనక గట్టు మీద అందరూ ఒకరి భుజానికొకరు ఆనుకుని కూర్చున్నారు. నాన్న రాగానే సర్దుకుని లేచారు, తాళాలక్క కుర్చీ తెచ్చి వేసింది. ఆయన ఒక్కడే కుర్చీలో, చేతిలో పింగాణీ కప్పు. మిగతా అందరివీ గాజు గ్లాసులు. కూతురికి ఇంకేం చూడక్కర్లేకపోయింది.

నాన్న లోపలికి వెళ్ళాక మేస్త్రీని నిలదీసింది. తప్పంతా టైది అన్నాడాయన. అంతకుముందు నాన్న ఒక హోటల్లో గుమాస్తా. అది మూతపడితే ఇక్కడ చేరాడు. ఉన్నవాటిలో మంచి బట్టలని మొదటిరోజు ఇస్త్రీ చొక్కా, మెడకు టైతో దిగాడు. ఓనరు పంపిన తనిఖీ మనిషనుకుని వీళ్ళకు పై ప్రాణాలు పైనే పోయాయి. కుర్చీ వేశారు, కప్పులో టీ ఇచ్చారు. నాన్న మొహమాటానికి పోయి ఆ రోజంతా కుర్చీలోనే కూర్చున్నాడు. మడత సెక్షన్‌కు వచ్చిన కొత్త మనిషని తెలిసేసరికి పని దిగే గంట మోగింది. జల్లెడ ముచ్చట మొదటిరోజునే జరగాలి. పాతవాళ్ళు పెట్టిన కట్టుబాటు అది. ఆ రోజు దాటిపోయింది, సార్ అన్న పిలుపు నిలిచిపోయింది.

"మా నాన్న ఇక్కడికి చుట్టం చూపుగా వచ్చి వెళ్తున్నానంటున్నారు, బాబాయ్" అంది ఆ పిల్ల.

కట్టుబాటు తప్పడానికి లేదమ్మా, మొదటిరోజంటే మొదటిరోజే అన్నాడు మేస్త్రీ. తాళాలక్క మాత్రం గుత్తి గలగలలాడించుకుంటూ, ఏదో లెక్క తట్టినట్టు తల ఊపింది.

రెండు రోజులకు నాన్న ధుమధుమలాడుతూ ఇల్లు చేరాడు. రిటైరయ్యే ముందు తనను మడత బల్ల మీంచి తీసి రోలర్ల సెక్షన్‌లో వేశారట. పొద్దున్నే కొత్త పనిలో చేరాలట. ఇంతకాలం చేసినందుకు ఇదా మర్యాద అని ఎగిరాడు. అమ్మ వత్తాసు పలికింది. కూతురికి విషయం లీలగా అర్థమై, నవ్వు ఆపుకోలేక చెంబు తీసుకుని వంటింట్లోకి పారిపోయింది.

పొద్దున ఆమె కూడా వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది. నాన్న ముక్కు మీద కోపంతోనే రోలర్ల దగ్గరికి వచ్చాడు. మేస్త్రీ ఆయన వైపు తిరగలేదు.

"ఏయ్, కొత్తబ్బాయ్, నిన్నే. ఈ ఆవిరి నిండా నలకలున్నాయి. వెళ్ళి ఆవిరి జల్లెడ పట్టుకురా."

నాన్న నిలబడిపోయాడు. కోపం ఎటు పోయిందో పోయింది. అప్పుడు చేతులు కట్టుకుని, ఎంతో అమాయకంగా అడిగాడు, "ఏ సైజుదండీ?"

"పెద్దది. త్వరగా రా. నిలబడి చూస్తావేం?"

ఇక చూడాలి ఆయన హడావిడి. అంతా తెలిసిన మనిషి, నేరుగా వ్యాను దగ్గరికే పోవచ్చు. పోలేదు. స్టోరుకెళ్ళి తాళాలక్కను బతిమాలాడు. బాయిలరు దగ్గర చెమటలు కక్కుతూ వెతికాడు. కాళ్ళకు బలపం కట్టుకున్నట్టు తిరిగాడు. రేడియో నెత్తికెత్తిన సంచీని తూలుతూ మోసుకొచ్చి మేస్త్రీ ముందు దించి, ముడి విప్పి, ఇటుకలు చూసి నోరు తెరిచాడు. అంత నవ్వు ఆ షెడ్డు ఎన్నడూ విని ఉండదు. నవ్వుతూనే నాన్న ఏడ్చాడు, మేస్త్రీ కూడా. టీ వేళకు కుర్చీ ఎవరూ వేయలేదు. గట్టు మీద అందరూ జరిగి చోటిచ్చారు, గాజు గ్లాసు చేతికిచ్చారు.

కూతురు ఇదంతా రాసి ఇస్తే మేడమ్ మార్కులు కోసేసింది. పరిశీలించడానికి వెళ్ళినవాళ్ళు మధ్యలో వేలు పెట్టకూడదట. నిజమే మేడమ్ అని ఒప్పుకుని, ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చింది.

నాన్న రిటైరయ్యాడు. మొదటి రోజులు ఇంట్లో మడత పెట్టడానికి ఏమీ మిగలక దిగాలుగా తిరిగాడు. ఒక సాయంత్రం వీధి తలుపు చప్పుడైంది. అమ్మ తీసి చూస్తే మేస్త్రీ, రేడియో, వెనక తాళాలక్క.

"కొత్తబ్బాయి ఉన్నాడా అమ్మా?" అన్నాడు మేస్త్రీ.

నాన్నకు పెట్టిన ముద్దుపేరు సంగతి ఎవరూ చెప్పని అమ్మ తెల్లమొహం వేసింది. "కొత్తబ్బాయా? మా ఇంట్లో అలాంటివాళ్ళెవరూ లేరండీ" అంది.

"ఉన్నాను, ఉన్నాను" అంటూ ఒక కాలికే చెప్పు వేసుకుని నాన్న లోపల్నుంచి పరిగెత్తుకొచ్చాడు.