దీపం పెట్టాక ఉప్పు

నేను చెప్పింది చెప్పినట్టు ఆ ఫోన్లో కొట్టు, అమ్మీ. మధ్యలో నవ్వి ఆపకు. ఆపితే ఎక్కడున్నానో నేను మరిచిపోతాను.

మన కొట్టు మీది గది నీకు తెలుసు కదా, ఒకప్పుడు చింతపండు బస్తాలు వేసేవాళ్ళం. దానికి సున్నం వేయించి అద్దెకిద్దామన్నారు మీ తాత. ఏ బ్యాంకు ఉద్యోగో వస్తాడనుకున్నాం. వచ్చింది ఒక ఆడపిల్ల. వీపున పెద్ద సంచి, చేతిలో తాడు, తాడు చివర నల్లకుక్క.

హైదరాబాదు పిల్లట. ముప్ఫై దాటి ఉంటాయి. కుక్కతో ఉండనిస్తారా అని ముందే అడిగేసింది. మన రాయగడలో అప్పటికే నాలుగైదు ఇళ్ళు తిరిగిందట. కుక్కను చూసి కొందరు, ఒంటరి పిల్లను చూసి కొందరు తలుపు దగ్గరే ఆపేశారట. మీ తాత నా వైపు చూశారు. నేను కుక్క వైపు చూశాను. అది మాత్రం మా ఇద్దరినీ వదిలేసి బెల్లం దిమ్మల వైపు చూస్తోంది.

సరేనన్నాను గానీ ఒక షరతు పెట్టాను. పక్కనున్న బయటి మెట్ల మీదుగా ఎక్కాలి, దిగాలి. కొట్టు వెనకున్న మా ఇంటి గుమ్మం మాత్రం కుక్క దాటకూడదు. ఇంట్లో దేవుడి మూల ఉంది, వంట ఉంది. ఆ పిల్ల ఒప్పుకుంది. కుక్క కూడా ఒప్పుకున్నట్టే ఉంది, ఎప్పుడు వచ్చినా గుమ్మం అవతలే ఆగి తోక ఊపేది. దాన్ని ఆ పిల్ల ఏదో ఇంగ్లీషు పేరు పెట్టి పిలిచేది. నాకు నోరు తిరగలేదు. నేను సిన్నమ్మి అన్నాను. రెండు రోజులకే పలకడం మొదలెట్టింది.

ఇంక నా సంగతి నీకు తెలుసు కదా, అడగకుండా ఉండలేను. ఏం పని చేస్తావని అడిగాను. ఫోన్లో మనం నొక్కే బొత్తాలు ఎక్కడ ఉండాలో, ఏ రంగులో ఉండాలో ఆ పిల్ల గీసి పంపుతుందట. ఆ పని ఇచ్చినవాళ్ళు ఎక్కడో సముద్రం అవతల ఉంటారు. వాళ్ళకి తెల్లారేసరికి మనకి సాయంత్రం. అందుకే పగలంతా తిరిగి, పొద్దు వాలే వేళకి తలుపు వేసుకుని మాటలు మొదలెడుతుంది. మరి నువ్వు పడుకున్నావో పని చేస్తున్నావో వాళ్ళకెలా తెలుస్తుందని అడిగితే, పని అందకపోతే తెలుస్తుంది మామ్మగారూ అంది. కొట్లో కూర్చున్న మీ తాతకి ఈ మాట తెగ నచ్చింది.

సొంతిల్లు ఎక్కడంటే ఈ నెల మీ ఇల్లే అంటుంది. రైల్లో రాలేదేమని అడిగాను. కుక్కను గార్డు పెట్టెలో వేయాలట, అందులో దాన్ని ఒంటరిగా ఉంచలేక విశాఖపట్నం నుంచి కారు మాట్లాడుకుని వచ్చిందట. నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్కదాన్నే బస్సెక్కింది లేదు. పక్కన ఎవరో ఒకరు ఉండేవారు, చివరికి చంకలో పిల్లయినా. అందుకే అసలు ప్రశ్న అడిగేశాను.

"భయమెయ్యదేటి నీకు?"

"వేస్తుంది మామ్మగారూ. అప్పుడు దీని చెవులు చూస్తాను. చెవులు వాల్చి పడుకుంటే నేనూ పడుకుంటాను. నిలబెట్టిందంటే లేచి గడియ చూసుకుంటాను."

ఆ తర్వాత నేను కూడా దాని చెవులు చూడటం మొదలెట్టాను. వానొచ్చే ముందు ఒకలా, రైలు కూసినప్పుడు ఒకలా ఉంటాయి.

కకిరిగుమ్మ సంతకి మన సరుకు జీపు వెళ్తుంది కదా, ఒకసారి తనూ వస్తానంది. ముందు సీట్లో ఆ పిల్ల, కాళ్ళ దగ్గర సిన్నమ్మి. సంతలో కొండ ఆడవాళ్ళు కుక్కను వింతగా చూడలేదట, ఈ పిల్లనే చూశారట. మీ అమ్మ ఏది అని వాళ్ళ దేశియా మాటలో అడిగారని మన డ్రైవరు చెప్పాడు. తిరిగొచ్చే ముందు సిన్నమ్మి సంత వెనక వెదురు కొట్టిన చోటికి వెళ్ళి, వాడిగా మిగిలిన మొదలు మీద కాలేసింది. ముందుకాలి వేళ్ళ మధ్య పుల్ల దిగబడిపోయింది.

పశువుల డాక్టరు పుల్ల తీసి మందిచ్చాడు. ఉదయం సాయంత్రం గోరువెచ్చని ఉప్పునీళ్ళలో కాలు నానబెట్టాలి, చీము పడితే వేలు తీసేయాల్సి వస్తుందన్నాడు. ఆ పిల్ల ముఖం చూడాలి నువ్వు. దాని సంచులన్నీ మోసేది తనే గానీ, తనను నడిపించేది ఆ కుక్కే మరి.

మన కొట్లోనే చిన్న ఉప్పు పొట్లం కొనుక్కుంది. నాలుగు రోజులు నడిచింది. ఐదోనాడు వాన. ఆ పూట పని మాటలు త్వరగా ముగించుకుని ఆ పిల్ల కిందికొచ్చేసరికి నేను దీపం పెట్టేసి చెయ్యి కడుక్కుంటున్నాను. ఉప్పు అయిపోయింది, ఒక పొట్లం ఇవ్వండి అంది. రేపు పొద్దున్న తీసుకో అన్నారు మీ తాత. ఆయన వెనకే ఉప్పు బస్తాలు గోడలా పేర్చి ఉన్నాయి. ఆ పిల్ల బస్తాల వైపు చూసింది, నా వైపు చూసింది, గొడుగేసుకుని వెళ్ళిపోయింది. ఆ వరసలో కొట్లన్నీ మనవాళ్ళవే, శ్రీకాకుళం వైపు నుంచో విజయనగరం వైపు నుంచో వచ్చినవాళ్ళవే. ఇంకో రెండు చోట్ల అడిగిందట. అక్కడా రేపు పొద్దున్నే రమ్మన్నారు.

కాసేపటికి పైన సంచుల జిప్పులు లాగుతున్న చప్పుడు. ఏమిటో చూడాలని మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కాను. బట్టలన్నీ మంచం మీద ఉన్నాయి. సిన్నమ్మి కాలు నాక్కుంటూ పడుకుంది, చెవులు మాత్రం నిలబడే ఉన్నాయి.

"ఏటమ్మి, ఏటైనాది?"

"పొద్దున్నే వెళ్ళిపోతాం మామ్మగారూ. గది ఇవ్వకపోవడం నాకు అలవాటే. కానీ ఊరంతా కలిసి ఉప్పు కూడా ఇవ్వనంత తప్పు ఇదేం చేసింది?"

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమై, మంచం మీద ఆ బట్టలు పక్కకి తోసి కూర్చున్నాను. దీపం పెట్టాక ఉప్పు ఇల్లు దాటకూడదమ్మా, దాటితే దాంతోపాటు లక్ష్మి కూడా వెళ్ళిపోతుందంటారు, కన్నకూతురు అడిగినా ఇవ్వం అని చెప్పాను. ఇది ఒకరికి చెప్పాల్సిన విషయమని మాకెవరికీ తోచలేదు. లోకంలో అందరికీ తెలుసుననుకున్నాం. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, నిజంగానా అని అడిగింది. ఆ తర్వాత అసలు మాట అడిగింది: మరి దీని కాలు?

కాలు చూశాను. వేలు ఎర్రగా ఉబ్బి ఉంది. తెల్లారేదాకా ఆగేలా లేదు. ఉప్పు బయటికి రాకూడదు, సరే. కాలు లోపలికి రాకూడదని ఎవరన్నారు? నేనే అన్నాను.

"బేగి అట్టుకురా దాన్ని, కిందికి," అన్నాను.

గుమ్మం దగ్గర ఎప్పటిలాగే ఆగిపోయింది. ఎంత లాగినా రాదు. రావే సిన్నమ్మి, నానే పిలుస్తున్నాను అంటే, నా ముఖం చూసి, కుంటుకుంటూ ఒక్కో కాలే లోపల పెట్టింది. పెరటి అరుగు మీద పీట వేసి, బకెట్టులో వేణ్ణీళ్ళు చన్నీళ్ళతో తొరిపి పోశాను. మీ తాత కొట్లోంచి గుప్పెడు ఉప్పు తెచ్చారు, కానీ ఊరికే ఇస్తారా?

"నిన్నటిదాకా గుమ్మం మీద గీత గీసినావు. ఇయ్యాల నువ్వే పీట ఏసినావేటి?"

"ఆ గీత నాను గీసిందే, నానే సెరుపుకుంటాను. ఉప్పు గీత మీ అమ్మ గీసింది. నువ్వు సెరుపుతావేటి?"

ఆయన ఉప్పు వేసి కలిపారు. సిన్నమ్మి మూలిగింది గానీ కాలు తీయలేదు. ఆ పిల్ల దాని తల పట్టుకుని కూర్చుంది, నేను చెవులు చూస్తూ కూర్చున్నాను. కొంతసేపటికి మెల్లగా వాలాయి.

అయిందనుకుని నీళ్ళు కాలవలో ఒంపబోతే మీ తాత చెయ్యి పట్టుకున్నారు. ఈ కాలవ వీధిలోకి పోతుంది కదా, అందులో ఉప్పుంది కదా అన్నారు. నేను బకెట్టు వైపు చూశాను. నిజమే. ఆ పిల్ల అప్పుడు నవ్వింది, మా ఇంటికొచ్చాక అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. బకెట్టు మీద మూత పెట్టి రోలు పక్కన ఉంచాం, తెల్లారాక పారబోశాం.

ఆ రోజు నుంచి దీపం వెలిగించే వేళకి సిన్నమ్మి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడేది. రమ్మంటే వచ్చేది, కాలు నీళ్ళలో పెట్టేది. మెల్లమెల్లగా వాపు దిగింది. డాక్టరు చూసి వేలికి ఇంక ఏం భయం లేదన్నాడు.

నెల అయ్యాక ఆ పిల్లా సిన్నమ్మీ కొరాపుట్ వెళ్ళారు. పొద్దున్నే కారెక్కేటప్పుడు ఉప్పు పొట్లం చేతిలో పెట్టి, పగలే ఇస్తున్నాను చూసుకో అన్నాను.

మొన్న ఆ పిల్ల వీడియోలో మాట్లాడింది కదా, నువ్వే ఫోను పట్టుకున్నావు. కాలు బాగుందట, పరిగెడుతోందట. ఒక్కటే చిత్రమట: చీకటి పడే వేళకి సిన్నమ్మి అక్కడి కింది వాటా ఇంటావిడ గుమ్మం దగ్గరికి పోయి నిలబడుతోందట. కరవదు, అరవదు, కదలదు. ఏం కావాలో తెలియక ఆవిడ హడలిపోతోందట.

"ఆవిడ్ని దాన్ని ఓసారి లోపలికి పిలవమనమ్మి," అన్నాను. "పిలిస్తేగానీ రాదది."