మెల్విన్ కొన్న నంబరు

డబ్బులిచ్చి కారు నంబరు కొనుక్కునేవాళ్ళంటే మెల్విన్ ఆక్లేకి మొదటినుంచీ వెటకారమే. "పొద్దున్న లేచేసరికి తన పేరు తనకి గుర్తుంటుందో లేదోనని కారు వెనకాల రాయించుకుంటాడు పాపం" అనేవాడు. వీధి చివర టైల్స్ షాపాయన తన పేరు అక్షరాలున్న నంబరొకటి కొని పాత కారుకి తగిలించినప్పుడు, "ఆ డబ్బుతో బ్రేకులు వేయించుకుంటే ఇంకో పదేళ్ళు బతుకుతాడు కదా" అన్నాడు. అలాంటి మనిషి అరవై తొమ్మిదో ఏట, తన శవపేటికకీ పూలకీ అని దాచుకున్న డబ్బు తీసి ఒక నంబరు కొన్నాడు. తెలిసినవాళ్ళెవరైనా ఉంటే ముసలాడికి మతి పోయిందనుకుందురు. పోలేదు. మతి పోయుంటే అసలు కొనేవాడే కాదు.

ఇదంతా ఒక ఆదివారం మధ్యాహ్నం, వర్క్‌సాప్ అనే ఊళ్ళో అతని చిన్న ఇంట్లో మొదలైంది. కూతురు జనీన్ భోజనానికొచ్చింది. కాల్చిన మాంసమూ బంగాళాదుంపలూ పళ్ళెంలో పెట్టి, మెల్విన్ పైన గ్రేవీ పోస్తున్నాడు. జనీన్ ఫోను తీసి పళ్ళెం పక్కన పెట్టింది.

"ముందిది చూడు నాన్నా. కళ్ళజోడు పెట్టుకుని చూడు."

"ఎవరికైనా పిల్ల పుట్టిందా?"

"పిల్ల కాదు, మన కారు!"

ఫోనులో ఒక నంబరు ప్లేటు బొమ్మ ఉంది. ఎన్‌డబ్ల్యూఇ 318 పి. మెల్విన్ చేతిలో గిన్నె ఒరిగి గ్రేవీ బల్లగుడ్డ మీద పారింది. జనీన్ అదేం గమనించలేదు. గూట్లో ఉన్న ఫొటో తెచ్చి ఫోను పక్కన నిలబెట్టింది. బ్రిడ్లింగ్టన్ సముద్రపు ఒడ్డు. ఆవపిండి రంగు ఎస్కార్ట్ కారు. దాని ముక్కు మీద రెండేళ్ళ జనీన్, పక్కన చెయ్యి ఆనించి మెల్విన్ భార్య బెరిల్. బెరిల్ నవ్వు కిందే నంబరు అద్దంలా కనిపిస్తోంది.

"లింకన్‌లో ఒకావిడ అమ్మకానికి పెట్టింది. నువ్వు కారమ్మింది వాళ్ళాయనకేనట. ఆయన పేరులో అక్షరాలూ అవేనట, అందుకని ఆ కారు పాడైపోయినా నంబరు వదల్లేదు, కొన్న ప్రతి కారుకీ మార్చుకుంటూ వచ్చాడు. ఇప్పుడాయన పోయాడు. చూశావా, ఇన్నేళ్ళూ ఎటూ పోకుండా మనకోసమే కూచుంది!"

"ఇప్పుడెందుకే మనకి?"

"నా కొత్త కారుకి. రోజూ ఆ నంబరుతో షాపుకెళ్తుంటే అమ్మ పక్కన కూచున్నట్టుంటుంది. నెలాఖరుకి డబ్బు సర్దుకుని కొనేస్తా. మా ఆయన కూడా సరేనన్నాడు. నువ్వేమంటావు?"

"అలాంటివి గొప్పలు పోయేవాళ్ళు కొంటారు."

"అమ్మ గుర్తుగా అడిగితే గొప్పలా నాన్నా?"

మొహం చిన్నబుచ్చుకుంది. నలభైకి దగ్గరపడినా, ఆ పెదవి విరుపు మాత్రం ఫొటోలో పిల్లదే. మెల్విన్ గుడ్డ తెచ్చి బల్ల తుడుస్తూ, "ఆలోచిద్దాంలే, తిను, చల్లారిపోతుంది" అన్నాడు.

జనీన్ షాపంటే క్షౌరశాల, ఆడవాళ్ళకి. అది వర్క్‌సాప్‌లో ఉంటే ఏ గొడవా లేదు. ఉన్నది పన్నెండు మైళ్ళ అవతల, మా స్కెల్‌థార్ప్‌లో. ఆమె ఇల్లూ అక్కడే. ఊరి బొగ్గుగని మూతపడ్డాక ఆ నేల చదును చేసి కట్టిన కొత్త ఇళ్ళలో ఒకటి. ఇళ్ళ మొదట్లో గనిలోకి మనుషుల్ని దించిన పాత చక్రం సగానికి కోసి సిమెంట్లో పాతారు, చుట్టూ పూలమొక్కలు వేశారు. ఇల్లు చౌకగా వచ్చిందని కొనుక్కుంది పిల్ల. తను పుట్టిన ఊరని తెలుసు, అంతకు మించి ఏమీ తెలియదు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారింది కాబట్టి ఊరికీ ఆమె ఎవరో తెలియదు. మెల్విన్ ఆరేళ్ళలో ఆ ఇంటికి నాలుగుసార్లు వెళ్ళాడేమో, అదీ పొద్దువాలాక, టోపీ కళ్ళమీదికి లాక్కుని. మోకాళ్ళ నొప్పులనేవాడు. తనంటే గిట్టక రావడంలేదని అల్లుడు క్రెయిగ్ అనుకునేవాడు.

ఆ నంబరు సంగతి మా ఊళ్ళో అరవై దాటిన ఎవరినడిగినా చెబుతారు.

గనులు మూసేస్తామన్నందుకు సమ్మె మొదలైన ఏడాదికి మెల్విన్ వయసు ముప్పైనాలుగు. అందరితోపాటు అతనూ బయటికొచ్చాడు, అందరితోపాటు గేటు దగ్గర నిలబడ్డాడు, పోలీసుల లాఠీ దెబ్బలు తిన్నాడు. పదకొండు నెలలు. మధ్యాహ్నం కార్మికుల హాల్లో ఆడవాళ్ళు వండిన సూపు తాగడం, సాయంత్రం గని చెత్తగుట్టలో బకెట్టుతో బొగ్గు ఏరుకోవడం. బొగ్గు తవ్వేవాడింట్లో బొగ్గు లేదు, అదీ బతుకు! సమ్మెలో ఉన్నవాడికి కంపెనీ ఇచ్చే ఉచిత బొగ్గు ఆగిపోయింది. గుట్ట కూలి ఒకడి కాలు విరిగాక పోలీసులు అక్కడికీ పోనివ్వలేదు. ఫిబ్రవరిలో జనీన్‌కి ఛాతీ పట్టేసింది. రాత్రంతా కుక్కపిల్ల మూలిగినట్టు మూలిగేది. వెచ్చగా ఉంచకపోతే దక్కదన్నాడు డాక్టరు. మెల్విన్ బీరువా విరిచి పొయ్యిలో పెట్టాడు, తర్వాత గదుల తలుపులు పెట్టాడు. ప్రాణస్నేహితుడు క్లిఫ్, మెల్విన్ పెళ్ళిలో పక్కన నిలబడి ఉంగరం అందించినవాడు, తన పెరట్లోని కొట్టం పీకి ఆ చెక్కలు మోసుకొచ్చాడు.

"ఇంకెంతరా మెల్, అయిపోవచ్చింది. పళ్ళు బిగపట్టుకో" అన్నాడు క్లిఫ్.

ఆ చెక్కలు రెండు రోజులొచ్చాయి. మూడో రోజు, ఫిబ్రవరి ఇరవై రెండు, తెల్లవారకముందే మెల్విన్ తన ఎస్కార్ట్‌లో పక్క ఊరి బజారు దాకా పోయి, అక్కడ కారు పెట్టి, రాళ్ళు తగలకుండా కిటికీలకి ఇనపవల బిగించిన కంపెనీ బస్సెక్కి తల దించుకుని గనిలో పనికి వెళ్ళాడు. ఆ సాయంత్రమే కంపెనీ లారీ వచ్చి అతని గుమ్మం ముందు కాలిబాట మీద బొగ్గు కుప్ప పోసి పోయింది. ఇక దండోరా వేయాల్సిన పనేముంది? పిల్ల బతికింది. తొమ్మిది రోజులకి సమ్మె ముగిసింది. జెండాలతో, బ్యాండుతో, ఓడిపోయినా తలెత్తుకుని మగవాళ్ళంతా గనికి నడిచొచ్చారు. మెల్విన్ అప్పటికే లోపలున్నాడు.

తొమ్మిది రోజులు. ముప్పైనాలుగేళ్ళలో ఆ లెక్క వేసుకోని రోజు లేదతనికి.

పక్క ఊళ్ళో ఆగిన కారు నంబరు ఎవరో రాసుకొచ్చారు. మర్నాటికల్లా క్లబ్బు గోడ మీద, బస్టాపులో, చివరికి చర్చి ప్రహరీ మీద కూడా తెల్ల రంగుతో అదే నంబరు, పక్కన "ద్రోహి" అని. పిల్లలు తాడాట ఆడుతూ "మూడూ, ఒకటీ, ఎనిమిదీ" అని పాడుకునేవాళ్ళు. కారు అద్దాలు పగిలాయి, టైర్లు కోశారు. క్లిఫ్ మాత్రం ఒక్క రాయి వేయలేదు, ఒక్క తిట్టు తిట్టలేదు. మెల్విన్ ఎదురుపడితే వీపు తిప్పి నిలబడేవాడు, అంతే. గని లోపలా అంతే, వీధిలోనూ అంతే. మా ఊళ్ళో దానికి మించిన శిక్ష లేదు. రెండేళ్ళు భరించి, కారుని ఈ గొడవేం తెలియని ఆ లింకన్ మనిషికి అమ్మేసి, మెల్విన్ పెళ్ళాం బిడ్డతో వర్క్‌సాప్ పోయాడు. అక్కడ బిస్కెట్ల గోదాములో పెట్టెలు మోశాడు.

మేం చేసింది తప్పని నేననను. ఏడాది ఆకలితో మాడినవాళ్ళం. కాని ఆ పిల్ల మూలుగు మాకెవరికీ వినబడలేదన్నది కూడా నిజమే.

కూతురికి నిజం చెప్పేస్తే పోయేది. కాని చెప్పాలంటే ఎవరికోసం వెళ్ళాడో కూడా చెప్పాలి. పోయేముందు ఆస్పత్రిలో బెరిల్ అతని వేలు పట్టుకుని, "దానికి మాత్రం చెప్పకు మెల్. ఆ బరువు దాని నెత్తిన పెట్టకు" అంది. మాటిచ్చాడు. వద్దని గట్టిగా అడ్డుపడదామా, పిల్ల మొండిది, ఎందుకని తవ్వుతుంది. ఊరుకుంటే నెల తిరక్కుండా ఆ నంబరు స్కెల్‌థార్ప్ నడివీధిలో, ఆమె షాపు ముందు నిలబడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాలుగో రోజు ఆ అమ్మకం ప్రకటన వెతికి లింకన్‌కి ఫోను చేశాడు.

"మావారు ఆదివారం ఆదివారం దాన్ని పళ్ళు తోముకునే బ్రష్షుతో రుద్దేవారండీ" అంది అవతల ముసలావిడ. "నాకంత మర్యాద ఎప్పుడూ దక్కలేదనుకోండి. మీరు ఏ కారుకి పెట్టుకుంటారు?"

"దేనికీ పెట్టనమ్మా."

"మరెందుకు?"

"దాచుకోడానికి."

"అయితే మీ చేతిలో భద్రంగానే ఉంటుందిలెండి" అంది.

"ఉంటుంది. రోడ్డెక్కదు" అన్నాడు మెల్విన్.

పదిరోజుల్లో కాగితం వచ్చింది. నంబరు మీద హక్కంతా ఆ ఒక్క కాగితమే, అది చేతిలో ఉంటే ఏ కారుకైనా పెట్టించుకోవచ్చు. కాల్చేద్దామని పొయ్యి దాకా తీసుకెళ్ళాడు. కాలిస్తే నంబరు మళ్ళీ ఎవరి చేతికైనా పోతుందేమోనని భయం వేసి, మడిచి, బెరిల్ స్కార్ఫు కింద సొరుగులో పెట్టాడు. ఆ నెలాఖరున జనీన్ ఫోను చేసి, "అమ్ముడైపోయింది నాన్నా, ఎవడో తన్నుకుపోయాడు" అని ఏడ్చింది. "పోనీలే తల్లీ, నంబరే కదా" అన్నాడు. ఆ రాత్రి మెల్విన్ ఎన్నాళ్ళకో కంటినిండా నిద్రపోయాడు.

నవంబరులో గుండె తిరగబడింది. వంటింట్లో పడిపోతే పక్కింటివాళ్ళు అంబులెన్సు పిలిచారు. ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. తొమ్మిదో రోజు, నెల్లాళ్ళు తన ఇంట్లో పెట్టుకుంటానని జనీన్ పట్టుబట్టింది. కాదనే ఓపిక కూడా లేదతనికి. చక్రాల కుర్చీలో ఆస్పత్రి గుమ్మం దాకా తోసుకొచ్చి, "కళ్ళు మూసుకో" అంది. మూసుకున్నాడు. "ఇప్పుడు తెరువు."

ఎదురుగా ఆమె కొత్త కారు. ముందు తెల్లటి కొత్త ప్లేటు. ఎన్‌డబ్ల్యూఇ 318 పి.

"నీ పైజామాల కోసం సొరుగు తీస్తే కాగితం దొరికింది" అంది జనీన్. కళ్ళనిండా నీళ్ళు. "తన్నుకుపోయిన వాడివి నువ్వేనా! క్రిస్మస్‌కి ఇద్దామనుకున్నావు కదూ? నువ్వు పడిపోయావని వినగానే, ఇది చూసుకోకుండా పోతావేమోనని ఆగలేకపోయాను. నన్ను తిట్టకు."

"ఎప్పుడు పెట్టించావు?" అన్నాడు.

"నాలుగు రోజులైంది. షాపు ముందే పెడుతున్నా, అందరికీ కనబడేట్టు. ఈ వారమే కాస్త మందకొడిగా ఉంది షాపు. ముసలమ్మలు ముగ్గురు రామని కబురు పెట్టారు, జలుబులట."

మెల్విన్ రెండు చేతులూ దుప్పటి కింద పెట్టుకున్నాడు. ఇప్పుడు ప్లేటు విప్పి దాచినా లాభం లేదు. అంతా చూసేశారు. ఇన్నాళ్ళూ తన ఒక్కడి వీపున మోసింది ఇప్పుడు పిల్ల వీపు మీదికి ఎక్కింది. ఎక్కించిన కాగితం తన డబ్బుతో తను కొన్నదే. ఇంత నీచపు రాత ఏ దేవుడు రాశాడో అతనికి అర్థం కాలేదు. కారెక్కాడు.

సగం చక్రం దాటి మా ఊరి వీధిలోకి తిరిగారు. నాన్నకి గాలి ఆడాలని జనీన్ కిటికీ దించింది. వీధి నిండా పొగగొట్టాల పొగ నిట్టనిలువుగా లేస్తోంది. బస్టాపులో ఒక ముసలాయన చేతికర్ర మీద ఆనుకుని నిలబడి ఉన్నాడు. మనిషి సగానికి ఎండిపోయినా ఆ భుజాలు చూసి మెల్విన్ పోల్చుకున్నాడు. జనీన్ కారు నెమ్మది చేసి హుషారుగా హారన్ కొట్టింది. "ఈ తాత మా షాపు ముందే బస్సెక్కుతాడు నాన్నా. రోజూ చెయ్యెత్తి పలకరిస్తాడు. తుంటి నొప్పట, ఈ వారం కనబళ్ళేదు. మంచాయన."

క్లిఫ్ తలెత్తాడు. అలవాటుగా చెయ్యి సగం లేచింది. కళ్ళు ప్లేటు మీదికి దిగాయి, అక్కడినుంచి కిటికీలో ఉన్న మొహం మీదికి వచ్చాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. క్లిఫ్ చెయ్యి దించాడు. కర్రని రెండు చేతులా పట్టుకుని, నొప్పి పెడుతున్న తుంటితో అడుగులో అడుగు వేసుకుంటూ, వెనక్కి తిరిగి, వీపు పెట్టి నిలబడ్డాడు.

"అదేంటి, అలా తిరిగిపోయాడు?" అంది జనీన్.

మెల్విన్‌కి బెరిల్‌కిచ్చిన మాట గుర్తొచ్చింది.

"గాలి తల్లీ" అన్నాడు. "ఎదురుగాలి. ముసలాళ్ళం తట్టుకోలేం."

"అయ్యో, నాకు తట్టనే లేదు" అంది జనీన్. నాన్నకి చలి తగలకుండా వెంటనే కిటికీ అద్దం పైకెత్తి, దుప్పటి మెడదాకా లాగింది.